రెండు సెంట్ల గట్టుకి గుండె దడ ఎందుకు?

ఈసారి ఎరువుల రేటు గురించి కాదు, మన గుండె గురించి రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటాది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడు ఉడుపులకి ముందు మా అన్నియ్యకీ నాకూ గట్టు దగ్గర మాటామాటా వచ్చింది. ఎంత భూమికో తెలుసా? రెండు సెంట్లకి. గట్టు నా మడిలోకి జరిపీసాడని నేను, వానకి కోసుకుపోతే ఉన్నచోటే మట్టి వేశానని ఆయన. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గుండె దడదడ. తెల్లారగానే శ్రీకాకుళం వెళ్లి ప్లీడరు చేతిలో కాగితాలు పెట్టీసి వచ్చాను.

అదే వారంలో పక్కూరి అన్నదమ్ములు ఇలాంటి తగువుకే నన్ను పెద్దమనిషిగా పిలిచారు. అరగంటలో తేల్చీసాను. "కొలిపించండి, మధ్యలో రాయి పాతండి, ఖర్చు చెరిసగం" అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంటికి వస్తుంటే దారిలో సిగ్గేసింది. వాళ్లకి చెప్పిన బుద్ధి నాకు ఎటు పోయింది?

మా అమ్మాయి నర్సింగ్ చదివింది. ఇది చెప్తే నవ్వి, "నాన్నా, నీ గుండెకి పగ్గం వదులైపోయింది" అంది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను.

గుండెని దాని మానాన వదిలేస్తే నిమిషానికి ఇంచుమించు 100 సార్లు కొట్టుకుంటుంది. కుదురుగా కూర్చున్న మనిషికి 70 దగ్గర ఉండడానికి కారణం వేగస్ అనే నాడి. మెదడు అడుగు నుంచి మెడలోంచి దిగి గుండెను పట్టి ఉంచుతుంది, మన ఎద్దుకి పగ్గంలాగ. ఊపిరి పీల్చినప్పుడు పగ్గం కొంచెం వదులు, వదిలినప్పుడు కొంచెం బిగువు. అందుకే మంచి గుండె గడియారంలా ఒకే తీరున కొట్టుకోదు. మణికట్టు దగ్గర నాడి పట్టి నెమ్మదిగా ఊపిరి తీసి చూడండి, కొందరికి ఆ తేడా చేతికే తెలుస్తుంది. ఈ నాడిలో ఎక్కువ పోగులు కింద నుంచి పైకి, మెదడుకి కబురు మోసేవే. అంటే గుండె, మెదడు ఒకదాని సంగతి ఒకటి ఎప్పుడూ తెలుసుకుంటూనే ఉంటాయి.

దడ ఎప్పుడూ చెడ్డది కాదు. 2014లో హుద్‌హుద్ గాలికి పశువుల పలుపులు విప్పినప్పుడు నా గుండె ఇలాగే కొట్టుకుంది. అప్పుడు ఆ దడే నన్ను పరుగెత్తించింది. రెండు సెంట్ల గట్టుకి కూడా అదే దడ రావడమే తప్పు.

కెనడాలో వాటర్లూ యూనివర్సిటీకి చెందిన ఇగోర్ గ్రాస్‌మన్ అనే ఆయన, తోటివాళ్లతో కలిసి 2016లో దీని మీద ఒక పరిశోధన అచ్చు వేశారు. గుండె లయలో ఈ హెచ్చుతగ్గులు బాగా ఉన్నవాళ్లు తెలివైన నిర్ణయం చేస్తారా అని చూశారు. నాకు నచ్చింది ఏటంటే, ఊరికే చెయ్యరని తేలింది. "నేను, నాది" అని ఆలోచించినప్పుడు గుండె ఎంత బాగున్నా లాభం కనపడలేదు. అదే విషయాన్ని పరాయివాడి సంగతిలా దూరం నుంచి చూసినప్పుడే, అలాంటి గుండె ఉన్నవాళ్లు ఎదుటివాడి కోణం కూడా చూసి, తమకి అంతా తెలీదని ఒప్పుకుని ఆలోచించారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. "గుండె చెప్పినట్టు నడువు" అనే మాట సగమే నిజం. ఊపిరి నెమ్మదిస్తే దడ తగ్గుతాది, అంతే. దాంతోనే న్యాయం తెలిసిపోదు. మన తగువులో మనమే పెద్దమనిషిగా కూర్చోవాలి. నిదానమే ప్రధానమని మన పెద్దలు అన్నది పిరికితనంతో కాదు. కోర్టు కాగితమైనా, అప్పు కాగితమైనా, కళ్లంలో ధాన్యం తెగనమ్మడమైనా, ఒక రాత్రి ఆగండి. "ఫలానా రైతుకి ఇలా జరిగింది, అతను ఏం చెయ్యాలి?" అని ఇంట్లోవాళ్లకి చెప్పి చూడండి.

నేను అలాగే చెప్పాను. "కింది మడి రైతు, పై మడి రైతు" అని. సగం చెప్పేసరికి ఒక సంగతి గుర్తొచ్చింది. గట్టు కోసుకుపోయిన రోజు కింది మడి రైతు ఊళ్లో లేడు. అంటే నేను కళ్లతో చూసింది ఏమీ లేదు!

సాయంత్రం అన్నియ్య ఇంటికి వెళ్లాను. వదిన టీ ఇచ్చింది, ఆయన మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే గట్టు మీదికి వచ్చి, "ఒరే, కొలిపించీద్దాం, రాయి పాతీద్దాం" అన్నాడు. కొలిస్తే నాకు అర సెంటు తగ్గింది. తగ్గనీ. పెద్దపండక్కి రెండు ఇళ్ల పిల్లలూ ఒకే చోట తిన్నారు.

ఒక్క హెచ్చరిక. ఇది కోపం, కంగారు గురించి రాసింది. గుండెలో నొప్పి, ఎడం చెయ్యి లాగడం, చెమటలు పడితే ఊపిరి పీలుస్తూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. అక్కడ మాత్రం నిదానం పనికిరాదు.