సైలెన్సరు మార్చబోయే ముందు

గత విద్యా సంవత్సరం చివర, పరీక్షలకు పక్షం రోజుల ముందు, మేము తరగతిలో యతిప్రాసలను గురించి వివరిస్తున్నాము. ప్రాంగణం గోడకు ఆవల ఒక మోటారు సైకిలు తుపాకి పేలినట్లు పేలుతూ సాగిపోయింది. వాక్యం మధ్యలోనే ఆగవలసి వచ్చింది. శబ్దం సద్దుమణిగాక ఆ వాక్యాన్నే తిరిగి ఎత్తుకున్నాము. బండి మలుపు తిరిగి మళ్ళీ వచ్చింది. మేము మళ్ళీ ఆగాము. ఆ గంటలో ఒక్క పద్యానికైనా వ్యాఖ్యానం పూర్తి కాలేదు. విచారింపగా ఆ బండి నడిపినవాడు మా విద్యార్థియే అని తెలిసింది. చదువులో వెనుకబడినవాడు కాడు. పెద్దలయెడ వినయం లేనివాడు అంతకన్నా కాడు. కంపెనీ అమర్చిన సైలెన్సరును విప్పి, బజారులో కొన్న పొట్టి గొట్టాన్ని బిగించుకున్నాడు, అంతే.

ఇటువంటి బండ్లు మన ప్రాంగణంలో నానాటికీ పెరుగుతున్నాయి. అసలు మోటారు సైకిళ్ళనే లోపలికి రానీయరాదని కొందరు పెద్దల అభిప్రాయం. యౌవనంలో ఇది సహజమేనని మరికొందరు నవ్వి ఊరుకుంటున్నారు. ఈ రెండింటిలో దేనితోనూ మేము ఏకీభవించలేకున్నాము. తెలుగు చెప్పుకునేవారికి ఇంజనుతో పనియేమి అని ఎవరైనా అడుగవచ్చు. పన్నెండేళ్ళుగా మేమూ ఒక పాత మోటారు సైకిలు మీదనే కళాశాలకు వస్తున్నాము. దానిని విప్పి బిగించడంలో కొంత అనుభవం గడించాము. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

ఇంజను కూడ మనవలెనే ఊపిరి పీల్చి విడుస్తుంది. పీల్చుట, నొక్కుట, మండుట, విడుచుట అనేవి నాలుగు స్ట్రోకుల ఇంజనులో వరుసగా జరిగే నాలుగు పనులు. పీల్చేచోట ఫిల్టరు డబ్బా, విడిచేచోట సైలెన్సరు ఉంటాయి. ఈ రెండూ ఇంజనుకు అడ్డుపెట్టిన బిరడాలనీ, వాటిని ఊడబెరికితే లోపల దాగిన బలమంతా బయటికి దూకుతుందనీ మన యువకులలో ఒక నమ్మకం పాతుకొని ఉన్నది. ఇది సగం నిజం. కనుకనే పూర్తి అబద్ధం కన్న ప్రమాదకరం.

గొట్టం ఆకారంలో ఎంత శాస్త్రం ఇమిడి ఉన్నదో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలును. 1950 దశకంలో తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. మోటారు సైకిళ్ళ సంస్థలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. రెండు స్ట్రోకుల ఇంజనులో పొగతోపాటు కొంత తాజా మిశ్రమం కూడ మండకుండానే బయటికి జారిపోతుంది. గొట్టాన్ని కొంత దూరం వెడల్పు చేసి తరువాత తిరిగి సన్నగిలజేస్తే, లోపల పుట్టిన పీడన తరంగం వెనుకకు తిరిగి వచ్చి, జారిపోయే మిశ్రమాన్ని సిలిండరులోనికే నెట్టివేస్తుంది. ఈ సూత్రాన్ని ఆయన పందెపు బండ్లలో నిరూపించి చూపాడు. ఆ బండ్లు నడిపిన ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పందెం సమయాన స్వదేశం విడిచి వెళ్ళిపోయాడు. ఆ విద్య అతని వెంట జపానులోని సుజుకి సంస్థకు చేరింది. మరుసటి ఏడు, 1962లో, 50 సి.సి. తరగతి ప్రపంచ విజేతగా నిలిచినవాడు సుజుకి బండి మీద డెగ్నరే. ఒక గొట్టపు ఆకారం దేశాల సరిహద్దులు దాటి కీర్తి తెచ్చిపెట్టింది. మన దేశంలో 1985లో వచ్చి 1996 వరకు తయారైన యమహా ఆర్.ఎక్స్.100 సైలెన్సరు కడుపులో ఉన్నది కూడ ఈ సూత్రమే. దానిని రంపంతో కోసి పొట్టి చేసినవాడు బలాన్ని పెంచుకోలేదు; ఉన్నదానిని పోగొట్టుకున్నాడు.

ఇక మా విద్యార్థి సంగతి. అతని బండి కార్బ్యురేటరు ఉన్న పాతకాలపు నాలుగు స్ట్రోకుల బండి. సైలెన్సరుతో ఆగక ఫిల్టరు డబ్బాను కూడ తీసివేసి, కార్బ్యురేటరు మూతికి నేరుగా ఒక చౌకబారు స్పాంజి ఫిల్టరును తగిలించాడు. రెండు నెలలు గడిచేసరికి బండి ఎత్తు ఎక్కలేని స్థితికి వచ్చింది. అతడు దిగాలుగా మా వద్దకు రాగా, మా పేటలోని వృద్ధ మెకానిక్ వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన మారు మాటలేకుండా స్పార్కు ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టి చూపాడు. లేత కాఫీ రంగులో ఉండవలసిన దాని కొన సున్నం కొట్టినట్లు తెల్లగా ఉన్నది. “బాబూ, గాలికి తలుపు తీశావు, పొగకు తలుపు తీశావు. పెట్రోలుకు మాత్రం పాత సందే ఉంచావు. పిండి కొద్దీ రొట్టె గాని, నీళ్ళు ఎక్కువ పోస్తే రొట్టె పెరుగుతుందా?” అన్నాడాయన.

ఏ విశ్వవిద్యాలయ ఆచార్యుడూ ఇంతకన్న స్పష్టంగా చెప్పలేడు. ఒక పాలు పెట్రోలు సక్రమంగా మండడానికి తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి పెరిగి పెట్రోలు పెరుగనప్పుడు మిశ్రమం పలుచనవుతుంది. ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. పొగ వాల్వు అంచు మాడుతుంది. ఆ బండిలో జరిగినది అదే. పైగా స్పాంజిని దాటుకొని వచ్చిన మన వేసవి దుమ్ము సిలిండరు గోడలను గీరిపెట్టింది. మరమ్మతుకు ఎనిమిది వేల రూపాయలు అయినవి. అతని తండ్రి కుట్టుమిషను మీద బ్రతికే మనిషి. ఆ సొమ్ము పరీక్ష రుసుముకై దాచినది. రుసుము చెల్లించడానికి చివరి రోజున వారు పడిన అవస్థ మేము కళ్ళారా చూశాము. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

అయితే భాగాలు మార్చుకొనుటయే తప్పా? శాస్త్రం తెలిసి చేసేవారికి అది ఒక విద్య. తేలికైన మంచి గొట్టం బండి బరువును తగ్గిస్తుంది; నూనె అద్దిన నూలు ఫిల్టరును కడిగి అనేకమార్లు వాడుకోవచ్చు. కాని ఆ పనికి ఒక క్రమం ఉన్నది. గొట్టం ఇంజనుకు కలిసేచోట పాత గాస్కెట్టును తీసి కొత్తది వేయాలి. బోల్టులన్నీ ముందు వదులుగా పట్టించి, గొట్టం సరిగా కూర్చున్నదని చూచుకొని, ఆ మీదట ఇరుపక్కలా కొద్దికొద్దిగా బిగించాలి. అతుకులో సందు మిగిలితే యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా టపటప పేలుతుంది. దానినే బలమని భ్రమించేవారూ కలరు. అటుపై కార్బ్యురేటరులో తగిన పెద్ద జెట్టు వేసి, బండి నడిపి, ప్లగ్గు రంగు చూచి సరిదిద్దాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజి-6 ప్రమాణాల బండ్లలో ఇంజెక్షను, ఆక్సిజను సెన్సారు, విషవాయువులను తగ్గించే కన్వర్టరు ఉన్నాయి. వాటి గొట్టం విప్పితే కన్వర్టరు కూడ పోవచ్చు. అప్పుడు ఆ విషం మన వెనుక వచ్చేవారి పాలవుతుంది. ఇంత శ్రమించినా, నిత్యం కళాశాలకు వచ్చి పోయే చిన్న బండిలో కలిగే లాభం స్వల్పమే. చెవికి తోచే వేగం వేరు, చక్రానికి అందే వేగం వేరు.

శబ్దం మాట. 175 సి.సి. దాటిన మోటారు సైకిలుకు ప్రభుత్వం విధించిన పరిమితి 80 డెసిబెల్లు. 80 నుంచి 175 సి.సి. వరకు 77. పది డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 80 పలుకవలసినచోట 100 పలికితే అది నూరు రెట్లు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఆసుపత్రులకు, విద్యాలయాలకు, న్యాయస్థానాలకు చుట్టూ నూరు మీటర్ల వరకు నిశ్శబ్ద మండలమని పేర్కొన్నాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానిపై అయిదు వేల రూపాయల జరిమానాను గాని, ఆరు నెలల వరకు జైలును గాని, రెండింటినీ గాని విధించవచ్చునన్నది. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు వరుసగా పరచి రోడ్డు రోలరుతో తొక్కించిన దృశ్యాలను పత్రికలలో మీరూ చూచియుంటారు. చట్టాన్ని అటుంచి, రాత్రి పదకొండు గంటలకు మీ బండి పేలుతూ పోయే వీధిలో ఒక పసికందు ఉండవచ్చు, ఒక హృద్రోగి ఉండవచ్చు. వారితో మీకు ఏ వైరమూ లేదు కదా!

విద్యార్థి మిత్రులారా! మీ కుతూహలాన్ని మేము నిందించడం లేదు. విప్పి చూడాలనే కోరిక చదువుకు తొలిమెట్టు. కాని విప్పక ముందే పారవేయడం చదువు కాదు. సైలెన్సరు మార్చదలచినవాడు ముందు అది చేసే పని ఏమిటో పది వాక్యాలలో చెప్పగలగాలి. చెప్పగలిగిన రోజున, బహుశా, మార్చాలనే తొందర దానంతట అదే తగ్గుతుంది. నిండు కుండ తొణకదు.

కార్యవర్గ పెద్దలకు మా మనవి రెండు మాటలు. మోటారు సైకిళ్ళను నిషేధించవద్దు. దూరపు పల్లెల నుంచి వచ్చే పిల్లలకు అవే ఆధారం. కంపెనీ సైలెన్సరు లేని బండిని మాత్రం ద్వారం వద్దనే ఆపండి. ఈ నియమం అధ్యాపకుల బండ్లకూ వర్తించాలి. రెండవది, పదార్థవిజ్ఞాన ప్రయోగశాల ప్రక్కన ఖాళీగా ఉన్న గదిలో ఒక పాత ఇంజనును, ఒక పెట్టెడు పనిముట్లను ఉంచి, వారానికి ఒక సాయంత్రం మా పేట మెకానిక్ వంటి అనుభవజ్ఞుని గౌరవంగా పిలిపించండి. దానికయ్యే ఖర్చు వార్షికోత్సవపు షామియానా ఖర్చును మించదు. వీధిలో మ్రోగుతున్న ఆ ఉత్సాహం ఆ గదిలో విద్యగా మారగలదని మా విశ్వాసం.

ఆ విద్యార్థి పరీక్ష వ్రాశాడు; ఉత్తీర్ణుడైనాడు. ఇప్పుడు అతని బండి మా తరగతి కిటికీ క్రిందుగా రోజూ పోతుంది. అది పోయిన సంగతి మాకు తెలియదు.