మౌంటెన్ బైకు మీ ఒంటికి సరిపోయిందా?

చొక్కా కుట్టించుకునేటప్పుడు భుజాలు కొలిపించుకుంటాం. చెప్పులు కొనేటప్పుడు నాలుగు అడుగులు వేసి చూసుకుంటాం. వేల రూపాయలు పోసి సైకిల్ కొనేటప్పుడు మాత్రం రంగు, గేర్లు, టైరు లావు, ధర ఈ నాలుగే చూస్తాం. దానిమీద కూర్చోబోయే మనిషి కొలతను ఎవరూ అడగరు. ఈ అశ్రద్ధకు మూల్యం చెల్లించేది మన మోకాళ్లు, మణికట్లు, నడుము. అందుకే ఒక వైద్యుడిగా సైకిల్ కొలతల గురించి రాయడం అసందర్భం కాదని భావిస్తున్నాను.

దొర్నిపాడు పరిసరాల పల్లెల్లో ఇప్పుడు పిల్లలు కోరుకునేది పూర్వపు నల్లని పెద్ద సైకిల్‌ను కాదు. లావు టైర్లు, ముందువైపు స్ప్రింగు ఫోర్కు, గేర్లు ఉన్న మౌంటెన్ బైకును. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండదారుల్లో కొందరు యువకులు పాత సైకిళ్లకు మార్పులు చేసుకుని లోయల్లోకి దూసుకుపోవడంతో ఈ రకం సైకిల్‌కు బీజం పడింది. మనకు తూర్పున నల్లమల ఉన్నప్పటికీ, మన పిల్లలు దీనిని తొక్కేది చదునైన తారురోడ్డు మీద, నల్లరేగడి పొలాల గట్ల వెంట. వాన పడితే ఆ రేగడి మట్టి టైరుకు అంటుకుని చక్రం తిరగడమే కష్టమవుతుంది. ఇక్కడ లావు టైరు అవసరమా కాదా అన్నది వేరే చర్చ. ఏ దారిలో తొక్కినా, సైకిల్ ఒంటికి సరిపోవడం మాత్రం అవసరమే.

మొదట తొలగవలసిన భ్రమ ఒకటుంది. దుకాణంలో '26 ఇంచుల సైకిల్' అన్నప్పుడు ఆ 26 చక్రం కొలత. మీకు సరిపోతుందా లేదా అన్నది ప్రధానంగా తేల్చేది చక్రం కాదు, ఫ్రేము. ఒకే చక్రం కొలతతో చిన్న ఫ్రేమూ ఉంటుంది, పెద్ద ఫ్రేమూ ఉంటుంది. కాబట్టి చక్రం అంకె విని తృప్తిపడకండి. ఫ్రేము కొలత ఎంతో అడగండి. అంతకంటే ముఖ్యంగా, ఎక్కి చూడండి.

తొలి పరీక్ష నిలబడి చేసేది. రోజూ వేసుకునే చెప్పులతోనే సీటుకు ముందువైపు, పై కమ్మికి అటొక కాలు ఇటొక కాలు వేసి రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనించి నిలబడండి. మౌంటెన్ బైకులో పై కమ్మికీ మీ తొడల సంధికీ మధ్య కనీసం 2 ఇంచుల ఖాళీ ఉండాలి. ఎగుడుదిగుడు దారిలో హఠాత్తుగా సీటు దిగి నిలబడవలసి వచ్చినప్పుడు ఆ ఖాళీయే సున్నితమైన భాగాలను కాపాడుతుంది. కమ్మి ఒంటికి తగులుతూ ఉంటే, ఎంత చవకగా వచ్చినా ఆ సైకిల్ మీది కాదు. సీటును దించుకోవచ్చు గాని కమ్మిని దించలేం.

రెండవది సీటు ఎత్తు. మనలో అత్యధికుల పొరపాటు ఇక్కడే ఉంది. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటును బాగా కిందికి దించుతారు. అప్పుడు తొక్కే ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది. ముడుచుకున్న మోకాలితో బలం పెడితే మోకాటి చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. నిమిషానికి అరవై డెబ్బై సార్లు, అరగంటకు పైగా ఇదే జరిగితే మోకాలి ముందుభాగంలో నొప్పి రావడంలో వింత లేదు.

సరైన ఎత్తు తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. గోడకు ఆనుకుని సీటుమీద కూర్చోండి. ఒక పెడలును పూర్తిగా కిందికి తెచ్చి దానిపై మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి. తరువాత, వేళ్ల మొదళ్ల కింది భాగాన్ని పెడలుపైకి తెస్తే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ కొద్దిపాటి వంపే మనకు కావలసింది. ఈ ఎత్తులో కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. మునివేళ్లు మాత్రం తగలవచ్చు. మౌంటెన్ బైకులో పెడళ్ల ఇరుసు నేలకు కాస్త ఎత్తులో ఉంటుంది కనుక ఈ తేడా మరింత కనిపిస్తుంది. భయపడనక్కర్లేదు. ఆగేటప్పుడు సీటు దిగి ముందుకు నిలబడటం రెండు రోజుల్లో అలవాటవుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం పాదాలు ఆనేటట్టే ఉంచి, పట్టు చిక్కాక కొంచెం కొంచెంగా పెంచాలి.

లెక్క కావాలనుకునే వారికి ఒక సూత్రం. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకాన్ని పైకంటా నిలిపి, నేలనుంచి దాని పైఅంచు వరకు కొలవండి. ఆ కొలతను 0.883తో గుణించండి. పెడళ్ల ఇరుసు మధ్యనుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం సుమారుగా అంత. కాలి కొలత 75 సెంటీమీటర్లయితే సీటు దాదాపు 66 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఇది శాసనం కాదు, ఆరంభ స్థానం మాత్రమే. కొండదారిలో కిందికి దిగేటప్పుడు సీటును మరికొంత దించుకోవడమే క్షేమం.

సీటు మరీ ఎత్తయినా ప్రమాదమే. పెడలు అందక తుంటి అటూ ఇటూ ఊగుతుంది. మోకాలి వెనుకభాగంలోను, నడుములోను నొప్పి మొదలవుతుంది. వెనుకనుంచి ఎవరినైనా చూడమనండి. తుంటి ఊగుతూ ఉంటే సీటును అరంగుళం దించండి. పైకి లాగేటప్పుడు సీటు గొట్టంపై చెక్కిన హద్దు గీత బయటికి రాకూడదు. ఆ గీత దాటిందంటే గొట్టం వంగవచ్చు, ఫ్రేము విరగవచ్చు. సీటును అంత ఎత్తుకు లేపవలసి వచ్చిందంటే ఫ్రేమే మీకు చిన్నదని అర్థం.

మూడవది చేతుల దూరం. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు వదులుగా ఉండాలి. చేతులు కట్టెల్లా బిగుసుకుని ముందుకు చాచుకున్నాయంటే ఫ్రేము పొడవు ఎక్కువ. అప్పుడు శరీర భారం అరచేతులపై పడి, మణికట్టు వద్ద నరాలు నొక్కుకుంటాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం దీనికి తొలి హెచ్చరిక. మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతూ ఉంటే ఫ్రేము పొట్టి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే తొడల సంధిలోని నరం నొక్కుకుని అక్కడ స్పర్శ మందగిస్తుంది. సీటును నేలకు సమాంతరంగా ఉంచండి. బ్రేకు పిడి అందడానికి పిల్లవాడు పట్టు సడలించవలసి వస్తోందా? అలాగైతే ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. చాలా బ్రేకు పిడులను దగ్గరికి జరపడానికి చిన్న మర ఉంటుంది. మెకానిక్‌ను అడిగి సరిచేయించండి.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 'ఎదిగే పిల్లవాడు కదా, రెండేళ్లయినా రావాలి' అని పెద్ద సైకిల్ కొనడం పొదుపు కాదు. చొక్కా వదులైతే నలుగురూ నవ్వుతారు, అంతే. సైకిల్ పెద్దదైతే పిల్లవాడు ఆపలేక పడతాడు. పడినప్పుడు హ్యాండిల్ చివర కడుపులో గుచ్చుకుంటే, పైకి చిన్న గీత మాత్రమే కనిపించినా లోపల ప్లీహము, కాలేయము, క్లోమము దెబ్బతిని ఉండవచ్చు. అలా పడిన పిల్లవాడు కడుపునొప్పి అన్నా, వాంతి చేసుకున్నా, పాలిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

రెండవ అభిప్రాయం పెద్దల గురించి. మధుమేహానికి వ్యాయామం చెయ్యమంటే ఉత్సాహంగా సైకిల్ కొంటారు. నెల తిరిగేసరికి మోకాళ్ల నొప్పి అంటూ దానిని గోడకు ఆనిస్తారు. 'వయసైపోయింది' అని తమను తామే సమాధానపరచుకుంటారు. ఎన్నోసార్లు ఆ నొప్పి వయసుది కాదు, రెండు ఇంచులు తక్కువైన సీటుది. ఒక స్పానరుతో తీరే సమస్యకు మాత్రలు మింగడం, మంచి వ్యాయామాన్ని వదులుకోవడం రెండూ నష్టమే. అయితే మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, తిమ్మిరి కొన్ని రోజులైనా తగ్గకపోయినా సీటును సరిచేసుకుంటూ కూర్చోక వైద్యుడికి చూపించుకోండి.

మూడవది ప్రభుత్వానికి, పాఠశాలలకు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ల పథకం ప్రారంభించిన తరువాత ఉన్నత పాఠశాలల్లో చేరే ఆడపిల్లల సంఖ్య పెరిగిందని పరిశోధకులు చూపారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో బాలికలకు సైకిళ్లు పంచారు. ఇది ఎంతో మంచి పని. పెద్దయెత్తున పంచేటప్పుడు ఒక్కొక్కరి కొలతకు ఒక్కొక్క ఫ్రేము ఇవ్వడం సాధ్యం కాకపోవచ్చు. కాని పంపిణీ రోజున ఊరి సైకిల్ మెకానిక్‌ను బడికి పిలిచి, ప్రతి పిల్లనూ ఎక్కించి సీటు, బ్రేకు సరిచేయించడానికి ఒక పూట చాలు. ఎదిగే వయసు కనుక ఆరు నెలలకొకసారి ఆ పని మళ్లీ చేయాలి. పదమూడేళ్ల పిల్లకు కాళ్లనొప్పులు పుట్టించే సైకిల్ బడికి చేర్చదు; పెరట్లో తుప్పు పడుతుంది.

ఇప్పటికే ఇంట్లో సైకిల్ ఉన్నవారు ఈ సాయంత్రమే పిల్లవాడిని దానిమీద కూర్చోబెట్టి, మడమను పెడలుపై పెట్టించి చూడండి. కాలు చాచుకోకపోతే సీటు పెంచండి. కొనబోయేవారు దుకాణంలో మొహమాటపడకండి. పై కమ్మికి ఇరువైపులా కాళ్లు వేసి నిలబడి చూసిన తరువాతే డబ్బు చెల్లించండి.