పాసైతే చాలదు, కాలేజీలో చేరాలి

ఇంటి దగ్గరే చదువుకోవడం కొన్ని కుటుంబాలు ఇష్టపడి ఎంచుకునే పద్ధతి. మన ఊళ్ళలో ఆడపిల్లలకు మాత్రం అది చాలాసార్లు బలవంతాన వచ్చిపడేదే. పెద్దమనిషి అయిందనో, హైస్కూలు దూరమనో, తమ్ముణ్ణి చూసుకోవాలనో బడి మాన్పిస్తారు. 2009 విద్యాహక్కు చట్టం రక్షణ 14 ఏళ్ళతో ఆగిపోతుంది. ఆపైన ఆమెకు మిగిలేది ఓపెన్ స్కూలు.

1989లో జాతీయ ఓపెన్ స్కూలు, 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూలు ఏర్పడ్డాయి. వాటి ద్వారా ఇంట్లోనే చదివి పది, ఇంటర్ పాసవ్వచ్చు. కానీ పాసైనంత మాత్రాన కాలేజీ తలుపులు తెరుచుకోవు. బి.ఎస్సీ. నర్సింగ్ చదవాలనుకునే పిల్లకు తేలికని సైన్సు లేని సబ్జెక్టులు ఇప్పిస్తే, ఇంటర్ అయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. స్థానికతను సాధారణంగా బడిలో చదివిన ఏళ్ళను బట్టి చూస్తారు. బడికి వెళ్ళని పిల్ల నివాస ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఆమె వెంట ఎవరు తిరుగుతారు?

బాల్యవివాహాన్ని ఆపడంతో మన పని పూర్తి కాదు. పెళ్ళి ఆగిన పిల్లకు చదువు దొరకకపోతే ఏడాదిలో మళ్ళీ సంబంధాలు చూస్తారు. కాబట్టి ఓపెన్ స్కూల్లో పేరు రాయించే రోజే ఆమె ఏం కావాలనుకుంటోందో అడగాలి. దానికి తగిన సబ్జెక్టులు ఎంచాలి. కులం, ఆదాయం, నివాస పత్రాలు ముందే సిద్ధం చేయించాలి. కౌన్సెలింగ్ రోజు తోడు వెళ్ళాలి. ఇది దయ కాదు, ఆమె హక్కు. ఈ బాధ్యతను ప్రతి స్టడీ సెంటరుకూ అప్పగించాలని ప్రభుత్వాన్ని నిలదీద్దాం.