నడుమ దూరే చెయ్యి

షాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నంలో ఆగగానే ప్రయాణికులు టీ కోసం, ఇడ్లీ పొట్లాల కోసం దిగుతారు. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ప్లాట్‌ఫారం చివరికి నడుస్తారు. ఆ స్టేషన్‌కు వచ్చిన రైలు ముందుకు సాగాలంటే వచ్చిన వైపే వెనుదిరగాలి. అందుకని ఒక చివర ఇంజన్‌ను విప్పి, రెండో చివర ఇంజన్ తగిలిస్తారు. ఒక మనిషి వంగి ఇంజన్‌కూ పెట్టెకూ మధ్య దూరతాడు. బ్రేకు పైపులు విడదీసి, కప్లింగ్ వదిలించి, బయటికొచ్చి చెయ్యి ఊపుతాడు. ఇంజన్ కదిలిపోతుంది. చూసేవాళ్లకు అది నిమిషాల వినోదం. చేసేవాడికి రోజువారీ గండం.

ఇదే పనిని బల్ల మీద బొమ్మ రైలుతో చేయించాలని కూర్చున్నప్పుడు గానీ అందులోని మెలిక నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మోడల్ రైల్వే అభిరుచి మన దేశంలో కొద్దిమందికే పరిమితం. అదెలా ఉంటుందో చూడాలంటే పుణేలోని జోషీస్ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వేస్‌కు వెళ్లొచ్చు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్.ఓ. అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 21 మీటర్ల పైచిలుకు పొడవుండే మన పాత ఐసీఎఫ్ పెట్టె ఈ లెక్కన జానెడు కంటే కాస్త ఎక్కువ. బుల్లి స్టేషన్, యార్డ్, గూడ్స్ షెడ్ అన్నీ అచ్చం నిజంలా అమర్చుకోవచ్చు. చిక్కల్లా ఒకటే. వ్యాగన్‌ను ఇంజన్ నుంచి విడదీయాల్సి వచ్చినప్పుడు పైనుంచి ఒక రాక్షసుడి చెయ్యి దిగాల్సిందే. ఆ చెయ్యి మనదే. ఒక వ్యాగన్‌ను పైకెత్తితే పక్కనున్న రెండు పట్టాలు తప్పుతాయి. అంతవరకూ కట్టుకున్న భ్రమ కూడా వాటితోపాటే పడిపోతుంది.

దీనికి విరుగుడు అయస్కాంతం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవల సోదరులు తమ పేర్ల మొదటి అక్షరాలతో కేడీ అనే కంపెనీ పెట్టి దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. వాళ్ల కప్లర్ చూడడానికి అసలు రైలు కప్లర్ లాగే పిడికిలి ఆకారంలో ఉంటుంది. దాని కింద బ్రేకు గొట్టంలా వంపు తిరిగిన సన్నని ఉక్కు తీగ వేలాడుతుంటుంది. కిటుకంతా ఆ తీగలోనే ఉంది. పట్టాల మధ్య అమర్చిన అయస్కాంతం మీదికి రాగానే ఎదురెదురుగా ఉన్న రెండు తీగలూ చెరో పట్టా వైపు జరుగుతాయి. వాటితోపాటు పిడికిళ్లూ తెరుచుకుంటాయి.

అయితే ఒక షరతుంది. కప్లర్లు బిగుసుకుని ఉన్నంతసేపూ అయస్కాంతం ఏమీ చేయలేదు. రైలు లాగుతూ పోతుంటే దాని మీదుగా సాఫీగా దాటిపోతుంది. విడదీయాలంటే అక్కడ ఆపాలి, ఇంజన్‌ను వెంట్రుకవాసి వెనక్కి జరపాలి. అప్పుడు పట్టు వదులై పిడికిళ్లు విచ్చుకుంటాయి. ఇంజన్‌ను కాస్త ముందుకు తీసుకెళ్లి, మళ్లీ మెల్లగా వెనక్కి తోస్తే కప్లర్లు ఒకదానికొకటి పక్కగా ఆనుకుంటాయే తప్ప తగులుకోవు. వ్యాగన్‌ను కావలసినంత దూరం నెట్టుకెళ్లి అక్కడ వదిలేసి రావచ్చు. అందువల్ల యార్డ్‌లోని ప్రతి లైనుకూ ఒక అయస్కాంతం అక్కర్లేదు. లైన్లు చీలడానికి ముందు ఒకటి ఉంటే చాలు.

అమర్చడం కష్టం కాదు గానీ వరస తప్పకూడదు. మొదట చూడాల్సింది అయస్కాంతాన్ని కాదు, కప్లర్లను. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలతపట్టీ పెట్టి సరిచూడాలి. కింది తీగ పట్టాల పైమట్టానికి చాలా దగ్గరగా ఉండాలి, కానీ తగలకూడదు. తగిలితే పాయింట్ల దగ్గర ఇరుక్కుని బండిని పడేస్తుంది. మరీ పైకి ఉంటే అయస్కాంతానికి అందదు. ఇక చోటు. వంపులో పెడితే తీగలు ముందే ఒక పక్కకు ఒరిగి ఉంటాయి కనుక పని జరగదు. అటూ ఇటూ కనీసం ఒక పెట్టె పొడవు తిన్నని పట్టా ఉన్నచోటే పెట్టాలి.

రకాలు మూడు. పట్టాల మధ్య స్లీపర్లను కాస్త చెక్కి అమర్చే పలక మొదటిది. పట్టాలు వేసేసిన తర్వాత కూడా దీన్ని పెట్టుకోవచ్చు, కాకపోతే కంటికి కనబడుతుంది. పట్టాల అడుగున గుంట తీసి దాచే పెద్ద అయస్కాంతం రెండోది. పైన కంకర పోస్తే ఆనవాలు కూడా దొరకదు. అయితే పట్టాలు వేయకముందే దీని సంగతి ఆలోచించుకోవాలి. మీట నొక్కినప్పుడే పనిచేసే విద్యుదయస్కాంతం మూడోది. మెయిన్ లైన్ మీద ఇదే క్షేమం. శాశ్వత అయస్కాంతం ఉన్నచోట రైలు ఏ కారణంగానో తటపటాయించి పట్టు వదులైందంటే సగం బండి అక్కడే నిలిచిపోతుంది. విద్యుత్ రకానికి వేలు తీయగానే ఆగిపోయే మీటనే వాడాలి. కరెంటు అదేపనిగా పారితే తీగచుట్ట కాలిపోతుంది.

నేను చేసిన పొరపాటు వేరే. అయస్కాంతం అమర్చాక ఖాళీ వ్యాగన్‌ను దాని దగ్గర వదిలితే ఎవరూ తోయకుండానే దొర్లుకుంటూ వెళ్లి దాని మీద నిలబడింది. దయ్యం పట్టిందనుకోవాలి లేదా ఇరుసులు ఉక్కువని గ్రహించాలి. ఇరుసులు మార్చడానికి ఒక ఆదివారం పట్టింది. కొనేముందే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూసి ఉంటే ఆ శ్రమ తప్పేది. కొందరు చవకగా అవుతుందని సన్నని నియోడైమియం బిళ్లలు వాడుతున్నారు. అవీ పనిచేస్తాయి గానీ చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్కటి కూడా విడిగా వదలకూడదు. రెండు మింగితే పేగులను నడుమ పెట్టి అతుక్కుంటాయి.

ఇంత తతంగమూ బల్ల మీద కనిపించే చేతిని తప్పించడానికి. అసలు రైల్వేలలో ఆ చేతిని తప్పించడానికి జరిగిన ప్రయత్నం ఇంకా పాతది. 19వ శతాబ్దపు అమెరికాలో పెట్టెల మధ్య నిలబడి ఇనుప లంకెను చేత్తో పట్టుకుని మేకు దించేవారు. వేళ్లు పోగొట్టుకోవడం ఆ ఉద్యోగంలో మామూలు. ప్రాణాలు పోవడమూ అరుదు కాదు. ఈలై జానీ అనే ఆయన 1873లో పేటెంట్ పొందిన కప్లర్, రెండు చేతుల వేళ్లు ముడిచి ఒకదానికొకటి తగిలించినట్టు, పెట్టెలు ఢీకొనగానే దానంతటదే పట్టుకుంటుంది. అయినా ఖర్చు చూసి కంపెనీలు వెనకాడాయి. 1893లో చట్టం చేస్తే గానీ అన్ని రైళ్లకూ అది రాలేదు. కేడీ సోదరుల బుల్లి పిడికిలి దానికి నకలే.

మన రైల్వేలు కూడా ఊరుకోలేదు. పక్కనున్న మీటతో తాళం విప్పగలిగే సెంటర్ బఫర్ కప్లర్లు ఎల్‌హెచ్‌బీ పెట్టెలతో వచ్చాయి. పాత ఐసీఎఫ్ నమూనా పెట్టెల తయారీని చెన్నై ఫ్యాక్టరీ 2018లో ఆపేసింది. 2019లో వచ్చిన వందే భారత్‌కు రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంది కనుక ఇంజన్ మార్చే పనే లేదు. కానీ విడి ఇంజన్ లాగే రైళ్లలో బ్రేకు గొట్టాలు విప్పడానికి, కలపడానికి మనిషి ఇప్పటికీ మధ్యలోకి వెళ్లాల్సిందే. 2024 నవంబరు 9న బీహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో షంటింగ్ పనిలో ఉన్న ఉద్యోగి ఒకరు ఇంజన్‌కూ పెట్టెకూ మధ్య నలిగి ప్రాణాలు కోల్పోయారు. ఆ ఫొటో దేశమంతా చూసింది. కొన్నాళ్లకు మరిచిపోయింది.

బిగుసుకున్న కప్లింగ్ విడిపోవాలంటే ముందు వదులు కావాలి. అందుకు ఇంజన్ కాస్త వెనక్కి ఆనాలి. బల్ల మీద నేను వెంట్రుకవాసి జరిపే కదలిక అదే. ప్లాట్‌ఫారం దగ్గర మనిషి లోపలున్నప్పుడు అదే కదలిక వస్తే చావు. అది రాకుండా ఆపేది ఇద్దరు మనుషుల మధ్య ఒక చేతి సైగ, ఒక కేక. మెట్రోల్లో వాడే షార్ఫెన్‌బర్గ్ రకం కప్లర్లు గాలి గొట్టాలనూ కరెంటు తీగలనూ కూడా వాటంతటవే కలుపుకుంటాయి. సాంకేతికత లేదని ఎవరూ అనలేరు. ఉన్న వేలాది పెట్టెలన్నిటికీ అది వచ్చేదాకా, లోపల మనిషి ఉండగా ఇంజన్ కదలడానికి వీల్లేకుండా చేసే కట్టుదిట్టమైన ఏర్పాటైనా ఉండాలి.

నా బల్ల మీద ఇప్పుడు మీట నొక్కితే వ్యాగన్ విడిపోతోంది. ఎవరి చెయ్యీ మధ్యలోకి వెళ్లనక్కర్లేదు. విశాఖలో ఈసారి రైలు ఆగినప్పుడు టీ తాగుతూ ఆ చివరికి నడిచి చూడండి. లోపలికి వంగిన మనిషి బయటికి వచ్చేదాకా అక్కడే ఉండండి.