సముద్రానికీ వాటా ఉండాలి

నదిలోంచి సముద్రంలోకి పోయే నీరంతా వృథాయే అన్న మాట మనకు కొత్త కాదు. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ వింటూనే ఉంటాం. ఆ లెక్కను చివరిదాకా వేసి చూసిన దేశం సోవియట్ యూనియన్. చివరికి మిగిలిన శేషం అరల్ సముద్రం.

1960 నాటికి సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లలో పరుచుకున్న అరల్, ప్రపంచంలోని నాలుగో పెద్ద సరస్సు. దాన్ని నింపే అము దర్యా, సిర్ దర్యా నదులను ఎడారిలో పత్తి కోసం మళ్లించారు. అము దర్యా నీటిని మళ్లించిన కరకుమ్ కాలువకు లైనింగ్ కూడా లేకపోవడంతో పంటకు అందాల్సిన నీరెంతో ఇసుకలోకి ఇంకిపోయింది. సముద్రం కుంచించుకుపోతుందని ప్రణాళికలు గీసినవారికి ముందే తెలుసు; తెలిసే సరేననుకున్నారు. 1987 నాటికి సముద్రం రెండుగా చీలింది. 2014లో దక్షిణ భాగపు తూర్పు పాయ పూర్తిగా ఎండిపోయింది. ఒకనాటి రేవుపట్టణం మొయినాక్‌లో ఓడలు ఇసుకలో తుప్పు పడుతున్నాయి. ఎండిన అడుగు నుంచి లేచే ఉప్పు, పురుగుమందుల దుమ్ము జనం ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది.

సోవియట్ కూలినా దాని లెక్క కూలలేదు. 1992లో ఐదు మధ్యాసియా దేశాలు చేసుకున్న ఒప్పందం పాత వాటాలనే నిలబెట్టింది. అందులో అఫ్గానిస్థాన్‌కు చోటు లేదు. ఆ దేశం 2022లో అము దర్యా నుంచి 285 కిలోమీటర్ల ఖోష్ తెపా కాలువ తవ్వకం మొదలుపెట్టింది. దశాబ్దాలుగా నదిని పిండుకున్నవారికి అఫ్గాన్ రైతును తప్పుపట్టే అర్హత లేదు. అయితే కరకుమ్ తప్పునే మళ్లీ తవ్వుకునే హక్కు కాబూల్‌కూ లేదు.

దారి లేకపోలేదు. 2005లో కజకిస్థాన్ ప్రపంచ బ్యాంకు సాయంతో కోక్ అరల్ కట్ట పూర్తిచేసింది. ఉత్తర అరల్ మట్టం పెరిగింది, ఉప్పు తగ్గింది, చేపలూ జాలర్లూ తిరిగొచ్చారు. దక్షిణ అరల్ దక్కలేదన్నది నిజమే. కానీ నీరు నిలిపితే సముద్రం బతుకుతుందని మాత్రం రుజువైంది.

కాబట్టి అఫ్గానిస్థాన్‌ను కలుపుకుని కొత్త ఒప్పందం రాసుకోవాలి. కాలువలకు లైనింగ్ వేయాలి, నీటిని తాగేసే పత్తిని తగ్గించాలి. అన్నిటికన్నా ముందు అరల్‌కు ఏటా ఇంత నీరని వాటా రాసిపెట్టాలి. పంపకాలన్నీ అయ్యాక మిగిలితే ఇద్దామంటే మిగలదు. అరవై ఏళ్లుగా మిగలలేదు.