పియానో లేని పియానో విద్వాంసుడు

ఇంట్లో వీణ లేని వైణికుణ్ని ఊహించుకోగలరా? మృదంగం లేని మృదంగ విద్వాంసుణ్ని? హవానాలో అలాంటి పెద్దాయన ఒకరుండేవారు. పేరు రూబెన్ గొంజాలెస్. యాభై ఏళ్లకు పైగా పియానో వాయించిన మనిషి. క్యూబాలో పాట తెలిసిన ప్రతివాడికీ ఆయన చేతివాటం తెలుసు. అయినా 1990ల నడుమ ఆయన ఇంట్లో పియానో లేదు. ఉన్న ఒక్కదాన్నీ పురుగు తొలిచేసింది.

కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారేమో! ఆ రోజుల్లో క్యూబాలో పియానో మాట దేవుడెరుగు, బస్సుకి డీజిలు దొరికితే గొప్ప. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. దాన్ని నమ్ముకుని బతుకుతున్న చిన్న ద్వీపానికి చమురు తగ్గింది, తిండిగింజలు తగ్గాయి, యంత్రాల విడిభాగాలు ఆగిపోయాయి. గంటల తరబడి కరెంటు కోతలు. అమెరికా వాణిజ్య ఆంక్షలు సరేసరి. అలాంటి ఊళ్లో, ఉద్యోగం నుంచి రిటైరై, కీళ్లనొప్పులతో వేళ్లు బిగుసుకుపోతున్న ఓ ముసలాయన కోసం పియానో ఎక్కణ్నించి వస్తుంది?

ఇక తన వాయింపు అయిపోయినట్టేనని ఆయన అనుకున్నారు. కానీ అవలేదు. 1997లో ఆయన పేరు మీద ఒక ఆల్బమ్ వచ్చింది. దేశదేశాల్లో ఆయన పేరు మారుమోగేలా చేసిన తొలి సొంత ఆల్బమ్ అది. దాని పేరు 'ఇంట్రడ్యూసింగ్... రూబెన్ గొంజాలెస్'. అంటే, 'పరిచయం చేస్తున్నాం, వీరే రూబెన్ గొంజాలెస్' అని. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది!

వెనక వరసలో అర్ధశతాబ్దం

రూబెన్ 1919 మే 26న క్యూబా నడిబొడ్డున ఉన్న సాంతా క్లారాలో పుట్టారు. సియెన్‌ఫ్యూగోస్ పట్నంలో పద్ధతిగా పియానో నేర్చుకున్నారు. డాక్టరీ చదువు కూడా మొదలుపెట్టారు. పగలు వైద్యం, రాత్రి సంగీతం అన్నది ఆయన ఆలోచన. చివరికి రాత్రిదే గెలిచింది. చదువు మధ్యలో వదిలి, 1940ల మొదట్లో హవానా చేరారు.

అక్కడ ఆయనకు దొరికిన గురుతుల్యుడు ఆర్సేనియో రోడ్రిగెస్. కళ్లు లేని కళాకారుడు. 'త్రెస్' అనే గిటారు లాంటి వాద్యం వాయించేవారు. గిటార్లు, బొంగోలతో సాగే 'సోన్' అనే పల్లె సంగీతానికి పియానోనీ, కోంగా డోలునీ, మరిన్ని ట్రంపెట్లనీ జోడించి పట్నం గొంతు ఇచ్చింది ఆయనే. తర్వాత వచ్చిన మాంబోకీ, సల్సాకీ ఆ బృందమే పునాది. రూబెన్ చెయ్యి తిరిగింది అక్కడే.

ఆ తర్వాత ఎన్రికే హోరిన్ బృందంలో ఏకంగా పాతికేళ్లు. హోరిన్ అంటే 1950లలో ప్రపంచాన్ని ఊపేసిన 'చా చా చా' నృత్యసంగీతానికి ఆద్యుడు. 1987లో హోరిన్ పోయాక కొన్నాళ్లు బృందాన్ని రూబెనే నడిపారు. తర్వాత విశ్రాంతి.

గమనించారా? జీవితమంతా ఆయన మరొకరి బృందంలో పియానో ముందు కూర్చున్నవారే. పోస్టరు మీద పేరు నాయకుడిది, చప్పట్లు గాయకుడివి. మన కచేరీల్లో పక్కవాద్యం వాయించేవాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. పాట నిలబడేది వాళ్ల భుజాల మీదే. పేరు మాత్రం ఆఖర్న, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

రావాల్సినవాళ్లు రాకపోతే...

1996 మార్చి. లండన్‌లోని 'వరల్డ్ సర్క్యూట్' అనే చిన్న రికార్డు కంపెనీ అధిపతి నిక్ గోల్డ్ హవానా వచ్చారు. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశం నుంచి కళాకారుల్ని పిలిపించి, క్యూబా సంగీతకారులతో కలిపి వాయింపించాలని పథకం. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కూడా బయల్దేరి వచ్చారు. మాలి వాళ్లు మాత్రం రాలేకపోయారు. వాళ్ల ప్రయాణ పత్రాల వ్యవహారం తేలలేదు.

స్టూడియో సిద్ధం, డబ్బు సిద్ధం, మనుషులు లేరు. అప్పుడు హువాన్ దె మార్కోస్ గొంజాలెస్ అనే క్యూబా సంగీతకారుడు పాతతరం వాళ్లని ఒక్కొక్కరినే వెతికి పట్టుకొచ్చారు. అలా పుట్టిందే 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్' ఆల్బమ్. లక్షల్లో అమ్ముడుపోయింది. గ్రామీ అవార్డు గెలిచింది. 1999లో విమ్ వెండర్స్ తీసిన డాక్యుమెంటరీతో ఇంకా దూరం వెళ్లింది. శత్రుదేశంతో వ్యాపారం చేశారంటూ అమెరికా ప్రభుత్వం రై కూడర్‌కి జరిమానా వేసింది కూడా!

ఆ గుంపులో రూబెన్ ఉన్నారు. అది హవానాలోని ఎగ్రెమ్ స్టూడియో. పాతకాలపు చెక్క పనితనంతో ఉన్న పెద్ద గది. అందులో ఒక మంచి గ్రాండ్ పియానో. పొద్దున్నే తాళం తీసే వేళకు రూబెన్ గుమ్మం దగ్గర కాచుకుని ఉండేవారట. తలుపు తెరవగానే నేరుగా పియానో దగ్గరికి. మిగతావాళ్లు వచ్చి, మైకులు సర్దుకునేదాకా ఆయన వాయిస్తూనే ఉండేవారు. ఆకలిగా ఉన్నవాడికి విస్తరి కనిపిస్తే ఎలా ఉంటుందో అలాగ.

అది చూసిన గోల్డ్ అనుకున్న రికార్డింగులు ముగిశాక మిగిలిన సమయాన్ని రూబెన్‌కి ఇచ్చారు. రెండంటే రెండు రోజులు. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకేసారి వాయించారు. తర్వాత అతుకులు వేయడం, దిద్దడం లేదు. అదే ఈ ఆల్బమ్.

ఎలా వినాలి?

మొత్తం తొమ్మిది అంశాలు. దాదాపు అంతా వాద్యసంగీతమే. స్పానిష్ రాకపోయినా ఇబ్బంది లేదు.

ముందు తాళం సంగతి. క్యూబా సంగీతానికి వెన్నెముక 'క్లావే'. రెండు చిన్న కర్రముక్కలు ఒకదానితో ఒకటి తాకిస్తే వచ్చే ఐదు దెబ్బల వరస. ఒక సగంలో మూడు, ఇంకో సగంలో రెండు. ఒక్కోసారి కర్రలు వినిపించవు. అయినా బృందంలో ప్రతివాడి మనసులోనూ ఆ ఐదు దెబ్బలు నడుస్తూనే ఉంటాయి. చెరకు తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు తమతో తెచ్చుకోగలిగిన ఆస్తి ఇలాంటి లయలే. క్యూబాలో బానిసత్వం రద్దయింది 1886లో. లయ మాత్రం రద్దు కాలేదు. 1940లలో అది న్యూయార్కు చేరి, అమెరికన్ జాజ్‌తో కలిసి ఆఫ్రో-క్యూబన్ జాజ్ అయింది. రూబెన్ వాయించేది ఆ చెట్టుకి హవానాలో ఉన్న వేరు.

పియానో యూరప్ నుంచి వచ్చిన దొరల వాద్యం. క్యూబావాళ్లు దాన్ని డోలులా మార్చేశారు. ఒక చిన్న వరసని మళ్లీ మళ్లీ తిప్పుతూ ఎడమచెయ్యి లయని కట్టేస్తుంటే, కుడిచెయ్యి మనోధర్మం చూపిస్తుంది. రూబెన్ కుడిచెయ్యి చిలిపిది. సాఫీగా పోతున్న వరసలోంచి ఉన్నట్టుండి పై స్థాయికి గెంతుతుంది, గలగలా కిందికి జారుతుంది, సరిగ్గా తాళం పడేచోట ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటుంది. కీళ్లనొప్పులున్న చెయ్యి అది అంటే నమ్మబుద్ధి కాదు.

మొదటి అంశం 'లా ఎంగన్యదోరా'. హోరిన్ స్వరపరచిన తొలినాటి చా చా చా. తన సొంత ఆల్బమ్‌లో ఆయన తొలి నమస్కారం పాతికేళ్లు తనకు పని ఇచ్చిన నాయకుడికే. 'అల్‌మెంద్రా' 1930ల నాటి దన్సోన్, పెద్దమనిషి తరహా నృత్యసంగీతం. 'సిబొనే' క్యూబా మహా స్వరకర్త ఎర్నెస్తో లెకువోనాది. 'మందింగా' అన్న పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. అది మాలితో సహా పశ్చిమాఫ్రికా దేశాల్లో ఉన్న ఒక జాతి పేరు. మాలి కళాకారులు రాలేకపోయిన స్టూడియోలోకి వాళ్ల పేరు మాత్రం వచ్చి చేరింది!

పియానో ఒక్కదాన్నే వింటే సగమే విన్నట్టు. బాస్ వాయించిన కచాయితో లోపెస్ తరతరాలుగా ఆ వాద్యాన్నే నమ్ముకున్న కుటుంబంవాడు. ట్రంపెట్ గువహీరో మిరబాల్‌ది, తింబాలే డోళ్లు అమదీతో వాల్దేస్‌వి. రూబెన్ ఎవరినీ తొక్కేయరు. వాళ్లు మాట్లాడుతుంటే ఆయన వేళ్లు వెనక్కి తగ్గి 'ఊ' కొడతాయి. యాభై ఏళ్లు పక్కవాద్యంగా కూర్చున్నవాడికే అబ్బే మర్యాద అది.

పరిచయం ఎవరికి?

ఈ కథని చాలామంది అద్భుతంలా చెబుతారు. తెల్లదొర వచ్చాడు, మరుగున పడిన మాణిక్యాన్ని వెలికితీశాడు అని. నాకు అందులో కొంచెం అభ్యంతరం ఉంది. రూబెన్ మరుగున పడింది ఎవరికి? హవానా సంగీతకారులకి ఆయన ఎప్పుడూ తెలుసు. రావాల్సినవాళ్లు రానప్పుడు ఆయన్ని తీసుకొచ్చింది కూడా హవానావాడే. పరిచయం కావాల్సింది మనకీ, మిగతా ప్రపంచానికీ. అట్ట మీది 'పరిచయం' అన్న మాటలో సిగ్గుపడాల్సింది ఎవరైనా ఉంటే, వినేవాళ్లమే.

అలాగని గోల్డ్ చేసింది తక్కువని కాదు. ఆయన ఇచ్చింది ఒక పియానో, ఒక మైకు, రెండు రోజులు. అంతే! పాండిత్యం ఎప్పుడో సిద్ధంగా ఉంది. కావాల్సింది అంత కొంచెమే అయినప్పుడు, అదీ దొరక్క ఎంతమంది చేతులు ఒళ్లో ఉండిపోయాయో అనిపిస్తుంది. వీసాలు సక్రమంగా అందివుంటే రూబెన్ కూడా ఆ లెక్కలోకే వెళ్లేవారేమో. ఈ ఆల్బమ్ ఎంత ఉల్లాసంగా ఉన్నా, విన్న తర్వాత నన్ను కాసేపు కుదురుగా ఉండనివ్వనిది ఆ ఆలోచనే.

తర్వాతి ఏళ్లు ఆయనవే. 1998లో న్యూయార్కు కార్నెగీ హాల్ వేదిక ఎక్కారు. సొంత బృందంతో దేశాలు తిరిగారు. 2000లో 'చాంచుల్యో' అనే ఇంకో ఆల్బమ్ ఇచ్చారు. వెండర్స్ సినిమాలో ఒక దృశ్యం ఉంది. పిల్లలు కసరత్తులు నేర్చుకునే పాత భవంతిలో ఆయన పియానో వాయిస్తుంటే, ఆ చిన్నారులు చుట్టూ మూగి చూస్తారు. దొరికితే తప్పకుండా చూడండి. 2003 డిసెంబర్ 8న, 84 ఏళ్ల వయసులో, హవానాలోనే కన్నుమూశారు.

ఆల్బమ్ ఇప్పుడు ఇంటర్నెట్లో సులువుగానే దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినండి. పాట సగంలో ఉండగా, వాళ్లు ఒకప్పుడు బాగా చేసి ఇప్పుడు మానేసిన పని ఏమిటో అడగండి. హార్మోనియం కావచ్చు, కుట్టుపని కావచ్చు, పద్యం కావచ్చు. ఎందుకు మానేశారో కూడా అడగండి. చేతకాక మానేశారో, అటకెక్కిన పెట్టెని దించిపెట్టేవాళ్లు లేక మానేశారో తెలుస్తుంది. రెండోదైతే, నిచ్చెన వేసే పని మీదే.