మొలతాడు మీద నమ్మకం, స్కాన్ మీద నమ్మకం

మొలతాడు కడితే వరిబీజం రాదనీ, మగపిల్లవాడికి చెవులు కుట్టిస్తే బుడ్డ రాదనీ నమ్మేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. నడుముకు కట్టిన దారం వృషణం చుట్టూ నీరు చేరకుండా ఎలా ఆపుతుందని మాత్రం ఎవరూ అడగరు.

అడిగితే జవాబు ఉంది. గర్భంలో ఉండగా బిడ్డ వృషణాలు కడుపులో తయారై గజ్జల దారిన కిందికి దిగుతాయి. వాటి వెంట దిగిన పొర మూసుకోకపోతే కడుపులోని ద్రవం కిందికి జారి వరిబీజమవుతుంది. చాలామంది పసివాళ్లలో ఏడాది, రెండేళ్లలో అదే తగ్గిపోతుంది. ఈలోగా తాయెత్తు కట్టినవాళ్లు ఆ ఘనతను తాయెత్తుకే ఇస్తారు. కట్టని పిల్లలకూ తగ్గిందన్నది లెక్కలోకి రాదు.

బోదకాలున్న ప్రాంతాల్లో పెద్దవాళ్లకు వచ్చే బుడ్డను అమావాస్యకో, శాపానికో అంటగట్టారు. కానీ బ్రెజిల్ పరిశోధకులు అల్ట్రాసౌండ్‌లో వృషణాల సంచి నాళాల్లో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులు బతికుండి మెలికలు తిరగడం చూసి, 1994లో ప్రకటించారు. ఆ పురుగును మోసుకొచ్చేది దోమ.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇంకొకటి, సంచిలోకి దిగని వృషణం గురించి: ‘పెద్దయ్యాక అదే దిగుతుందిలే.’ నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి సుమారు ముగ్గురికి వృషణం దిగి ఉండదు. ఆరు నెలలు దాటాక అది దానంతటదే దిగడం అరుదు. 18 నెలలలోపు ఆపరేషన్ చేయించాలి. ఆలస్యమైతే సంతానసామర్థ్యం దెబ్బతింటుంది, క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

ఇక్కడ స్కాన్‌నూ ప్రశ్నించాల్సిందే. కడుపులో ఉండిపోయిన వృషణం అల్ట్రాసౌండ్‌కు తరచూ దొరకదు. ‘కనిపించలేదు’ అన్న రిపోర్టుకు ‘లేదు’ అని అర్థం కాదు. అందుకే సర్జన్ దగ్గరికి పంపే ముందు మామూలుగా స్కాన్ అక్కర్లేదని అమెరికా యూరాలజీ సంఘం 2014లో చెప్పింది. అనుభవమున్న సర్జన్ చేతికీ తగలకపోతే లాపరోస్కోపీతో వెతుకుతారు. అదే స్కాన్ మరోచోట తప్పనిసరి. సంచిలోంచి కడుపులోకి పాకే అరుదైన వరిబీజం ఒకటుంది. దాన్ని 1834లో ఫ్రాన్స్ వైద్యుడు డుప్యుట్రెన్ వర్ణించాడు. పైకి కనిపించే వాపు దానిలో సగమే. కడుపులోని రెండో సగాన్ని స్కాన్ చూపిస్తుంది. కొందరు పిల్లల్లో దానితోపాటు వృషణం కూడా పైనే ఆగిపోతుంది.

యంత్రాన్ని పూజించడమూ మూఢనమ్మకమే. దారమైనా, స్కానైనా అది దేన్ని నిరూపించగలదో, దేన్ని నిరూపించలేదో అడగడమే హేతువాదం. ఆరు నెలల బిడ్డకు సంచిలో వృషణం చేతికి తగలకపోతే ముహూర్తం చూడకండి, రిపోర్టు కోసం ఆగకండి. నేరుగా పిల్లల సర్జన్‌కు చూపించండి.